రాయబారానికి వెళ్లినవాళ్లు

పల్నాడు పేరు చెబితే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది యుద్ధం. మాచర్ల, గురజాల రాజ్యాల పగ, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి రణరంగం. పన్నెండో శతాబ్దం చివర జరిగిన ఆ అన్నదమ్ముల పోరు ఎనిమిది వందల ఏళ్లుగా ఈ ప్రాంతం నెత్తిమీద కూర్చునే ఉంది. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు దాన్ని ద్విపదగా చెప్పాడు. మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. వాళ్లలో ఒకరైన అలిసెట్టి గాలెయ్య పాడిన కథని జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశాడు. రెండుసార్లు, 1947లోనూ 1966లోనూ, సినిమాగా వచ్చింది. ఇంత చెప్పుకున్నా ఆ కథలో ఒక మనిషికి దక్కాల్సిన చోటు దక్కలేదు. అతను అలరాజు.

కారంపూడిలో ప్రతి ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఆరాధన మొదలవుతుంది. ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఊళ్ల నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు, నాగులేట్లో స్నానం చేస్తారు, వీరుల గుడి ముందు మొక్కుతారు. మందపోరు అంటే చాపకూడు రోజు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారనే జ్ఞాపకం అది. దాని గురించి మన అభ్యుదయవాదులు చాలా రాశారు, రాయాల్సిందే కూడా. దానికి ముందురోజు రాయబారం. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఆ రోజు కథ ఇది. మాచర్లవాళ్లు కోడిపందెంలో ఓడి ఏడేళ్లు దేశం విడిచి వెళ్లారు. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అడగాలి. అడగడానికి ఎవరు వెళ్లాలి? కొమ్మరాజు కొడుకు అలరాజుని పంపారు. వయసులో ఉన్నవాడు. పైగా అవతలి రాజు నలగాముడికి సొంత అల్లుడు, కూతురు పేరమ్మ భర్త. రెండు పక్షాలకీ కావలసినవాడు కాబట్టే అతన్ని ఎంచారు. గురజాల సభలో మాట చెప్పాడు, మాట పడ్డాడు. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారు. పేరమ్మ అతనితో పాటే చితి ఎక్కింది. ఆ చావుతో సంధి దారి మూసుకుపోయింది.

అదే కథలో ఇంకో కుర్రవాడు ఉన్నాడు, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. కారంపూడిలో సేనలు దిగాక కూడా పెద్దలు సంధి మాటలాడారు. మాట దాదాపు కుదిరే వేళ బాలచంద్రుడు వచ్చి, అలరాజు చావుకి బదులు తీర్చుకోకుండా సంధి ఏమిటని దాన్ని తోసిపుచ్చి యుద్ధానికి దిగాడు. రెండు వైపులా కూలిపోయారు. ఇద్దరూ పడుచువాళ్లే. ఒకడు మాటతో పోయి చచ్చాడు, ఒకడు కత్తితో పోయి చచ్చాడు. జనం నాలుక మీద నిలిచినవాడు రెండోవాడు. సినిమాల్లో, నాటకాల్లో, బడిపిల్లల ఏకపాత్రల్లో మీసం మెలేసేది బాలచంద్రుడే. అలరాజు వేషం కట్టిన పిల్లవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇది బాలచంద్రుణ్ణి తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. అతని కోపానికి కారణం ఉంది. రాయబారిని చంపినవాళ్లని ఏమీ అనకుండా సంధి చేసుకోమంటే ఏ యువకుడి రక్తమైనా ఉడుకుతుంది. న్యాయం లేని సంధి నిలవదని ఆ కథే చెబుతోంది. యువకుల శాంతి గురించి మాట్లాడే పెద్దమనుషులు ముందు ఈ సంగతి గ్రహించాలి.

*

ఈ కథలో ముస్లింలకి ఏం వాటా ఉందని ఎవరైనా అడగొచ్చు. కారంపూడి యుద్ధం జరిగేనాటికి ఈ గడ్డ మీద మా రాజ్యాలు లేవు. కుతుబ్‌షాహీలు కొండవీడు పట్టుకుని ముర్తుజానగర్ అని పేరు పెట్టింది 1579లో. అయితే రాజ్యాల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. దూది ఏకిన దూదేకులవాళ్లు, గుర్రాలకి లాడాలు కొట్టినవాళ్లు, బండి తోలినవాళ్లు, కూలికి మిరపకాయలు కోసేవాళ్లు ఏ రాజు వెంటా కొండవీడు రాలేదు. ఈ నేల మనుషులే వాళ్లు. ఇంటి మాట తెలుగు, పెళ్లిలో పాట తెలుగు, ఏడిస్తే ఏడుపు తెలుగు. చాపకూడు తిన్నవాళ్ల వారసుల్లో మేమూ ఉన్నాం. కులం బాధ భరించలేక చాప మార్చిన వాళ్లం చాలామందిమి.

అమరులైన కుర్రవాళ్లని కొలిచే అలవాటు మాకూ ఉంది. హిజ్రీ 61లో, అంటే సామాన్య శకం 680లో, కర్బలా మైదానంలో ఇమాం హుసేన్‌తో పాటు పద్దెనిమిదేళ్ల అలీ అక్బర్, ఇంకా మీసాలు రాని కాశిం కూడా చనిపోయారు. పీర్ల పండక్కి మన పల్లెల్లో ఎత్తే పీర్లలో కాశిం దూలా అంటే ఆ పెళ్లికొడుకు కాశిమే. ఆ పీరుకి దట్టీ కట్టి, ఊదు వేసి, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువమంది ఉండే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. బాలచంద్రుడికి ఏడ్చిన కళ్లే కాశింకీ ఏడ్చాయి. ఈ రెండు దుఃఖాలకీ మధ్య గోడ కట్టింది తర్వాతి కాలం రాజకీయం.

కానీ మా మతం యువకుల ముందు పెట్టిన ఉదాహరణ అమరత్వం ఒక్కటే కాదు. ముస్లింలకే సరిగ్గా తెలియని ఒక సంఘటన ఉంది. ఇస్లాం ఇంకా రాలేదు. మక్కాలో ఫిజార్ అనే తెగల యుద్ధం జరిగింది. ముహమ్మద్ ప్రవక్త అప్పుడు కుర్రవాడు, చిన్నాన్నలకి బాణాలు అందించాడంటారు. యుద్ధం ముగిశాక యెమెన్ నుంచి, జబీద్ అనే ఊరి నుంచి, ఒక వ్యాపారి వచ్చి సరుకు అమ్మాడు. కొన్నవాడు మక్కా పెద్దల్లో ఒకడు, డబ్బు ఎగ్గొట్టాడు. పరాయి ఊరివాడు, వెనక ఏ తెగా లేనివాడు. కాబా ఎదురుగా కొండెక్కి తన గోడు వినిపించుకున్నాడు. అప్పుడు కొన్ని తెగలవాళ్లు అబ్దుల్లా ఇబ్న్ జుద్ఆన్ ఇంట్లో కూడి ఒట్టు పెట్టుకున్నారు. అన్యాయం జరిగినవాడు మనవాడైనా పరాయివాడైనా, హక్కు తిరిగి దక్కేదాకా అందరం అతని పక్కనే నిలబడాలని. వెళ్లి వ్యాపారి డబ్బు ఇప్పించారు. దాన్ని హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. ఆ ఒట్టులో ఇరవై ఏళ్ల ముహమ్మద్ ఉన్నాడు. ప్రవక్త అయ్యాక కూడా, అలాంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వస్తానన్నాడని చరిత్రకారులు రాశారు.

ఇందులో గమనించాల్సినవి మూడు. ఒకటి, ఆ ఒప్పందం ఒక మతంవాళ్లది కాదు. రెండు, రక్షణ పొందినవాడు పరాయివాడు. మూడు, ముందు బాకీ ఇప్పించారు, ప్రశాంతత ఆ తర్వాత వచ్చింది. అమన్ కావాలంటే ఇన్సాఫ్ ముందు నడవాలి. పల్నాటి కథలో అలరాజు చావు మిగిల్చిన పాఠమూ, మక్కా కుర్రవాడు పెట్టుకున్న ఒట్టూ ఒకటే చోటికి వచ్చి కలుస్తున్నాయి.

*

తెలుగునేల మీద ఈ ఒట్టు నిలబెట్టుకున్న ముస్లిం యువకుడు ఎవరని అడిగితే నేను ముందుగా చెప్పే పేరు షోయబుల్లా ఖాన్. 1920లో వరంగల్ ప్రాంతంలో పుట్టాడు. ఉర్దూ పత్రికల్లో పనిచేసి, పనిచేసిన పత్రికలని నిజాం ప్రభుత్వం మూయిస్తుంటే, 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే తన పత్రిక మొదలుపెట్టాడు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవాలనీ, ప్రజాప్రభుత్వం రావాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే కోరుతూ ప్రకటన ఇస్తే దాన్ని అచ్చు వేశాడు. వ్యతిరేకంగా లేచిన చేతుల్ని నరుకుతామని కాశిం రజ్వీ బహిరంగంగా హెచ్చరించాడు. ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాని కాచిగూడ దగ్గర కాల్చి, చెయ్యి నరికారు. తెల్లవారేలోపు ప్రాణం పోయింది. ఇరవై ఏడేళ్లు.

అతను రెండు పక్షాలకీ చెందినవాడు, అలరాజులాగా. అతని మాట విని ఉంటే ఎంతమంది బతికేవారో తర్వాతి నెలలో తేలింది. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో, కొంతమేరకు తెలంగాణలో, రజాకార్ల మొహం కూడా చూడని మామూలు ముస్లింల మీద కసి తీర్చుకున్నారు. ప్రభుత్వమే వేసిన సుందర్‌లాల్ కమిటీ చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని లెక్క కట్టింది. ఆ నివేదికని దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. షోయబుల్లా పేరు జాతీయవాదులు తలుచుకుంటారు గానీ ఆ నివేదికని తలుచుకోరు. కొందరు ముస్లింలు నివేదికని తలుచుకుంటారు గానీ షోయబుల్లాని తలుచుకోరు. రెంటినీ కలిపి చదివినప్పుడే 1948 అర్థమవుతుంది.

ఆ నివేదికలోనే ఇంకో మాట కూడా ఉంది. హిందువులు ప్రాణాలకి తెగించి ముస్లిం పొరుగువాళ్లని కాపాడిన చోట్లు ఉన్నాయనీ, ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఆ బంధం గట్టిగా కనిపించిందనీ, హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్ల తరఫున దాడి చేసేవాళ్లని ఎదుర్కొన్నారనీ కమిటీ రాసింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడికి పక్క గుంటలోవాడి ఆకలి తెలుసు. శాంతి పునాది ఎక్కడ ఉందో వెతికేవాళ్లు ఆ మగ్గాల దగ్గర వెతకాలి.

*

నలభై ఏళ్ల తర్వాత అదే హైదరాబాదులో, 1990 డిసెంబరులో, నూరుమందికి పైగా కత్తిపోట్లకీ మంటలకీ బలయ్యారు. పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్లలకి కర్ఫ్యూ అన్న మాట అక్షరాలు రాకముందే వచ్చింది. రెండేళ్లకి బాబ్రీ మసీదు కూల్చారు. ఆ రోజుల్లోనే మజహర్ హుసేన్ లాంటివాళ్లు పాతబస్తీ బస్తీల్లోని చిన్న చిన్న సంఘాలని కలిపి కోవా అనే సమాఖ్యగా కట్టారు. యువకుల, ఆడవాళ్ల బృందాలని గల్లీ గల్లీలో కూర్చోబెట్టారు. శాంతి గురించి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. చదువు, కుట్టుపని, చిన్న ఉపాధి, రేషన్ కార్డు లాంటి పనుల మీద హిందూ ముస్లింలని ఒకచోటికి తెచ్చారు. మగ్గం గుంటల తర్కమే అది.

మరి ఈ పనికి రాజ్యం ఏం బహుమతి ఇచ్చింది? 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. చచ్చింది ముస్లింలు. పట్టుకెళ్లింది కూడా ముస్లిం కుర్రవాళ్లనే. చదువుకుంటున్నవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పుకున్న బాధని మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ నివేదిక నమోదు చేసింది. కోర్టుల్లో వాళ్ల మీద కేసులు నిలవలేదు. 2012 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పరిహారమూ, మంచి నడవడిక పత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని చెల్లదంది. తర్వాత హిందూత్వ సంస్థలవాళ్ల మీద నడిపిన కేసులో 2018 ఏప్రిల్ 16న అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ బాంబు ఎవరు పెట్టారో ఇప్పటికీ చట్టం దృష్టిలో తేలలేదు.

ఒక కుర్రవాడికి తాను ఉగ్రవాదిని కాదని ప్రభుత్వం చేత కాగితం రాయించుకోవాల్సి రావడం కంటే అవమానం ఏముంటుంది? ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2015 డిసెంబరు 9న 2250 నంబరు తీర్మానం చేసింది. పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిది ఏళ్లవాళ్లని శాంతి నిర్మాణంలో భాగస్వాములని చేయాలంది. ఆ ముసాయిదాని తెచ్చింది జోర్డాన్. అందులో భాగస్వామ్యంతో పాటు రక్షణ అన్న మాట కూడా ఉంది. మన దగ్గర మొదటిదాని గురించి సభలు జరుగుతాయి. రెండోదాన్ని ఎవరూ పలకరు. వినాయక చవితికీ బక్రీదుకీ ముందు పోలీసు స్టేషనులో శాంతి కమిటీ అంటారు. అక్కడ కుర్చీల్లో కూర్చునేది పెద్దలు. మా కుర్రవాళ్ల పేర్లు ఉండేది వేరే జాబితాలో.

*

ఇక పల్నాడుకి వద్దాం. నల్లమల అడవి అంచున బొల్లాపల్లి మండలం ఉంది. వెల్లటూరు, గుమ్మనంపాడు, రేమిడిచర్ల, మధ్యలో సుగాలీ తండాలు. వాన పడితేనే పంట. 2022 ఏప్రిల్ 4న కొత్త పల్నాడు జిల్లా వచ్చింది, బోర్డుల మీద పేర్లు మారాయి, నీళ్ల కరువు మారలేదు. ఇలాంటి చోట యువకుల కోసం రెండు దారులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. ఒకటి అడవిలోకి, ఒకటి పార్టీ నాయకుడి జీపులోకి.

అడవి దారిలో ఒకసారి రాయబారం జరిగింది. కారంపూడి యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు వెళ్లిపోయాడని చెప్పే గుత్తికొండ బిలం దగ్గరే 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు బహిరంగ సభలో మాట్లాడి, హైదరాబాదు వెళ్లి ప్రభుత్వంతో చర్చలకి కూర్చున్నారు. ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి రెండు పక్షాలకీ నచ్చజెప్పిన ఫలితం అది. నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. భూమి ప్రశ్న దగ్గర, ఆయుధాల ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 2005 మొదట్లోనే మళ్లీ తుపాకులు మోగాయి. పోయినవాళ్లలో ఇరువైపులా పేదింటి పిల్లలే ఎక్కువ.

రెండో దారి ఇంకా తెరిచే ఉంది. 2024 మే 13న పోలింగు రోజూ ఆ తర్వాతా పల్నాడులో జరిగిన దాడులకి ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరుని బదిలీ చేసింది. రెండు నెలలకి, జూలై 17న, వినుకొండ నడిబజారులో అందరూ చూస్తుండగా ఒక ముస్లిం యువకుణ్ణి కత్తితో నరికారు. నిందితుడుగా అరెస్టయినవాడూ ముస్లిం యువకుడే. రెండు పార్టీలూ నేరాన్ని ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నాయి. ఒక తల్లికి కొడుకు పోయాడు, ఇంకో తల్లికి కొడుకు జైలుకి పోయాడు. ఇక్కడ హిందూ ముస్లిం గొడవ లేదు. ఇద్దరిదీ ఒకే ఈద్గా. నాయకుల కోసం కత్తి పట్టడానికి మన పిల్లలు దొరుకుతున్నారన్నదే అసలు సంగతి. టికెట్ల పంపకంలో, కాంట్రాక్టుల్లో, భూముల్లో కనబడని ముస్లిం, కేసులో మొదటి పేరుగా మాత్రం కనబడతాడు. ఏ సభలోనూ కుర్చీ దొరకనివాడికి జీపులో చోటు దొరికితే అదే గౌరవమనిపిస్తుంది.

దీని గురించి మసీదులో మాట్లాడాలి. శుక్రవారం ఖుత్బాలో పాలస్తీనా గురించి చెప్పే ఇమాంలు వినుకొండ బజారు గురించి కూడా చెప్పాలి. లౌకికవాద మిత్రులు కూడా డిసెంబరు 6న మాతో చేతులు కలిపి నిలబడితే సరిపోదు. ఈ పల్లెల్లో పార్టీ కక్షలకి ముస్లింలు, దళితులు, సుగాలీలు, బీసీలు ఎలా ఎర అవుతున్నారో లెక్క తీయాలి. ఎవరి కొడుకులు చస్తున్నారు, ఎవరి కొడుకులు హైదరాబాదులో చదువుకుంటున్నారు అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలా తేలుతుంది.

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. ఊరికి పదిమంది, అన్ని కులాల, అన్ని మతాల యువకులు, ఆడపిల్లలతో సహా, ఆ పాత ఒట్టు మళ్లీ పెట్టుకోవచ్చు. కూలి ఎగ్గొట్టినా, పొలం గట్టు జరిపినా, స్టేషనులో అన్యాయంగా కూర్చోబెట్టినా, బాధితుడిది ఏ పార్టీ అని అడగకుండా పదిమందీ కలిసి వెళ్లడం. మొదట ఎగతాళి చేస్తారు. రెండోసారి బెదిరిస్తారు. అలరాజుకి ఏమయిందో, షోయబుల్లాకి ఏమయిందో మనకి తెలుసు. అందుకే ఒక్కణ్ణి పంపకూడదు. రాయబారానికి వెళ్లేవాడి వెనక ఊరు ఉండాలి. ఊరు లేకపోతే ఆ కుర్రవాణ్ణి మరో వీరగల్లుగా మార్చుకుని ఏటా ఒకరోజు మొక్కడమే మిగులుతుంది.

కారంపూడి తిరునాళ్లలో ఐదు రోజులకి ఐదు పేర్లు పెట్టిన పూర్వీకులు రాయబారానికి ఒక రోజు కేటాయించారు. పోరుకి ఎంత విలువ ఇచ్చారో మాటకీ అంతే ఇచ్చారు. ఆ రోజు మాది కూడా. ఆ రోజున వీరుల గుడి ముందు అలరాజు పేరుతో పాటు షోయబుల్లా పేరు కూడా చెప్పగలిగిన పల్నాడు కావాలని అడుగుతున్నాం. అడిగే హక్కు మాకుంది, మేం ఇక్కడివాళ్లం కాబట్టి.